కర్నూల్లో పిల్లలింట్లో క్రిస్మస్ పండగ

మా సీమ పల్లెల్లో క్రిస్మస్ పండగ ముందుగా గోడలకు వచ్చేది. డిసెంబరు మొదటి వారంలో సున్నపు గడ్డలు తెచ్చి తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతూ పొగలు కక్కేవి. చిట్లి కంట్లో పడితే చూపుకే ముప్పు గనక పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవాళ్ళు కాదు. రాత్రంతా నానబెట్టి, పొద్దున గోనెపట్టాలో వడగట్టి, అందులో కొంచెం నీలిమందు, గుప్పెడు ఉప్పు కలిపేవాళ్ళు. నీలిమందు వేయకపోతే గోడ ఆరినాక పసుపుచాయ కొడుతుంది. ఉప్పు వేయకపోతే గోడకు ఆనుకున్న వాళ్ళ వీపంతా సున్నమే. గోడను ముందు నీళ్ళతో తడిపి, మొదటి పూత పల్చగా పూసి, అది ఆరినాకే రెండోది. ఎండపొడ తగిలే గోడను సాయంత్రం దాకా ముట్టుకునేవాళ్ళు కాదు, ఎండకు గబగబా ఆరితే సున్నం పెచ్చులు లేస్తుంది.

ఆ వాసన పోకముందే మిషను హాస్టళ్ళు సెలవులిచ్చేవి. ట్రంకుపెట్టెలతో పిల్లలు ఊళ్ళో దిగేవాళ్ళు. దర్జీ దగ్గర నవంబరులో ఇచ్చిన గుడ్డ ఇరవైనాలుగో తేదీ రాత్రికి చొక్కా అయ్యేది. పొయ్యిల మీద బాండళ్ళు, అరుగుల మీద వెదురు బద్దలు, గుడిలో (మేం చర్చిని గుడనే అంటాం) కేరల్స్, అంటే క్రిస్మస్ పాటల సాధన, అన్నీ ఒకేసారి నడిచేవి.

ఇప్పుడు ఆ పల్లెల పెద్దవాళ్ళు చాలామంది డిసెంబరు 22, 23 తేదీల్లో డబ్బాలు సర్దుకుని కర్నూలు బస్సెక్కుతున్నారు. జమ్మలమడుగు, కోవెలకుంట్ల, ముత్యాలపాడు, కలసపాడు, ఏ పక్క చూసినా ఇదే. కొడుకు సి క్యాంపులో అద్దెకుంటాడు, లేదంటే కూతురు నంద్యాల రోడ్డులో ఫ్లాటు కొనుక్కుంటుంది. మనవళ్ళకు బడి సెలవులు తక్కువ, అల్లుడికి ఆఫీసు సెలవు ఒక్కరోజే. పండగే పిల్లల దగ్గరికి పోవాల్సి వస్తోంది. పల్లెలో ఇంటి పండగ వాకిలినీ కట్టెలపొయ్యినీ పదిమంది చేతుల్నీ నమ్ముకుని నడిచింది. రెండు గదుల ఇంట్లో ఆ మూడూ ఉండవు. పిండివంటలు, నక్షత్రం, ప్రార్థన చక్కగా కుదురుతాయి. వేడినీళ్ళు, పెద్దవంట, రాత్రి పాటలు మాత్రం పద్ధతి మార్చుకుంటేనే కుదురుతాయి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఏ గుడికి పోవాలనే సంగతి. రాయలసీమలో ఏ పక్క ఏ మిషనుదో పాతవాళ్ళు తడుముకోకుండా చెబుతారు. కడప, జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం పక్క లండన్ మిషను. నంద్యాల, ముత్యాలపాడు పక్క ఇంగ్లాండు ఆంగ్లికన్ వాళ్ళ ఎస్‌పీజీ మిషను. కర్నూలు టౌనులో అమెరికన్ బాప్టిస్టు మిషను, కోల్స్ పేరు మీదున్న బడి వాళ్ళదే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు లండన్ మిషను సంఘాలు అందులో చేరాయి, బాప్టిస్టులు చేరలేదు. ఇదంతా పాత చరిత్రేగానీ పండగ పొద్దున ఇంట్లో పనికొచ్చే చరిత్ర. జమ్మలమడుగు అమ్మాయి కర్నూలు బాప్టిస్టు ఇంటికి కోడలైతే ఆమె తల్లిదండ్రులకు ఆ గుడిలో ఆరాధన క్రమం కొత్తగా ఉంటుంది. సీఎస్ఐ గుడిలో క్రిస్మస్ పొద్దున సంస్కారపు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఉంటుందని వాళ్ళు ఎదురుచూస్తారు. బాప్టిస్టు సంఘాలు చాలావాటిలో బల్ల నెల మొదటి ఆదివారమే. ముందుగా తెలియకపోతే పెద్దవాళ్ళ మనసు చిన్నబోతుంది. అందుకని పిల్లలు డిసెంబరు రెండో ఆదివారానికే గుడిలో కనుక్కుని, ఆరాధన ఎన్ని గంటలకో, బల్ల ఉందో లేదో ఊరికి ఫోన్ చేసి చెప్పడం మంచిది. పిల్లలు సభ్యులుగా ఉన్న గుడికే ఇంటిల్లిపాదీ పోవాలని నా గట్టి అభిప్రాయం. తల్లిదండ్రులు ఒక గుడికి, పిల్లలు ఒక గుడికి పోతే మధ్యాన్నం వంట ఎవరి లెక్కకూ అందదు.

సొంత ఊరి గుడికి ఇచ్చే క్రిస్మస్ కానుకను బయల్దేరే ముందే కవర్లో పెట్టి, పైన పేరు రాసి సంఘపెద్ద చేతికిచ్చి రావాలి. తిరిగొచ్చాక ఇద్దామనుకుంటే అప్పటికి పండగ దాటిపోతుంది. ఊళ్ళో సంఘానికి ఆ డబ్బు గుడి అలంకరణకూ పాస్టరయ్యగారి పండగ బట్టలకూ పండగకు ముందే కావాలి.

పిండివంటలు ఊళ్ళోనే చేసి తేవాలి. ఇందులో రెండో మాట లేదు. ఫ్లాటులో చేస్తే వంటింటి గోడలు జిడ్డవుతాయని కాదు, అసలు కారణం పొయ్యి. కట్టెలపొయ్యి మీద ఐదు లీటర్ల నూనె పట్టే బాండలిలో పదిహేను కర్జికాయలు వేసినా నూనె వేడి పెద్దగా తగ్గదు. ఇంటి గ్యాసు పొయ్యి మీద లీటరు నూనెలో ఎనిమిది వేస్తే వేడి ఒక్కసారిగా పడిపోతుంది, మళ్ళీ అందుకునేలోపు కాయలు నూనె తాగుతాయి. గ్యాసు మీద చేయక తప్పకపోతే లీటరుకు మూడు నాలుగు కన్నా వేయకూడదు. అట్లా చేస్తే ఒక్క మనిషికి పగలంతా పడుతుంది.

కర్జికాయలకు కిలో మైదాకు నూరు గ్రాముల చిరోటి రవ్వ, చిటికెడు ఉప్పు, 100 మిల్లీలీటర్ల కాగిన నూనె. నూనె పోసి పిండిని అరచేతుల మధ్య బాగా రుద్దాలి. పిడికిలి పట్టి తెరిస్తే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అప్పుడే నీళ్ళు, 400 మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ. పూరీ పిండికన్నా గట్టిగా కలిపి తడిగుడ్డ కప్పి గంటసేపు ఉంచాలి. లోపలికి వేయించిన పుట్నాలు అర కిలో, ఎండుకొబ్బరి పావు కిలో, చక్కెర అర కిలో, గసాలు 50 గ్రాములు, యాలకులు ఓ పది. ఈ కొలతకు డెబ్భై నుంచి ఎనభై కాయలొస్తాయి. పచ్చికొబ్బరి రుచి బాగుంటుందని వేసేవాళ్ళున్నారు. ప్రయాణానికి అది వద్దు. దాని తడికి పై పొర రెండు రోజుల్లో మెత్తబడి, నాలుగో రోజుకు ముక్కవాసన వస్తుంది. ఎండుకొబ్బరిని తురిమి సన్నసెగ మీద కొంచెం వేడి చేసి, ఆరినాకే పొడిలో కలపాలి.

నూనెలో ఒక్క కాయ విచ్చుకుంటే ఆ వాయి అంతా పాడవుతుంది. లోపలి పొడి బాండలి అడుగుకు చేరి మాడి, తర్వాత వేసిన ప్రతి కాయకూ నల్లచుక్కలు అంటుకుంటాయి, చేదెక్కుతాయి. విచ్చుకోవడానికి కారణం సాధారణంగా అంచే. పొడి అంచుకు అంటితే తడి పట్టదు, తడి పట్టనిచోట అతుకు నిలవదు. చెంచాన్నర పొడి మధ్యలో పెట్టి, అంచు చుట్టూ వేలితో నీళ్ళు రాసి, గట్టిగా నొక్కినాక గోటితో మడత తిప్పాలి. పళ్ళ అచ్చుతో ఒత్తినా ఆ మడత ఇంకోసారి చేత్తో అదిమితే భయం ఉండదు. చేసి పెట్టిన కాయల మీద గుడ్డ కప్పకపోతే ఆరి పగులుతాయి, ఆ పగులే నూనెలో నోరు తెరుస్తుంది. ఒకటి విచ్చిందంటే ఇంకా వేయకుండా బాండలి దించేసి, నూనె తేరినాక వడగట్టి మళ్ళీ పెట్టుకోవాలి. చక్కెర మాడిన నూనెను ఎంత వడగట్టినా నిప్పట్లకు (కారపు చెక్కలకు) వాడకూడదు గనక ముందు నిప్పట్లు కాల్చి, కర్జికాయలు ఆఖర్న చేసుకోవడం మా ఆడవాళ్ళ పాత పద్ధతి.

నిప్పట్లకు కిలో బియ్యప్పిండి, నూరు గ్రాముల పుట్నాల పొడి, రెండు గుప్పిళ్ళు పొట్టు తీసి పచ్చాపచ్చాగా దంచిన బుడ్డలు (వేరుశనగలు), గంట నానిన శనగపప్పు ఒక గుప్పెడు, నువ్వులు, కరివేపాకు, ఉప్పు, కారం, నూరు మిల్లీలీటర్ల వేడినూనె. శనగపప్పును గుడ్డ మీద ఆరబెట్టి తేమ పోయినాకే పిండిలో వేయాలి. లేకపోతే నూనెలో పప్పు పేలి ముఖాన చిందుతుంది. పిండి మెత్తనైతే నూనె పీలుస్తుంది, గట్టిదైతే ఒత్తేటప్పుడే అంచు చీలుతుంది. ఒత్తినాక ముల్లుచెంచాతో నాలుగు గాట్లు పెడితే పొంగకుండా సమంగా కాలుతుంది. పొంగిన నిప్పటి రెండు రోజులకే మెత్తబడుతుంది.

గులాబీ పువ్వులు కిరస్తానీ ఇళ్ళలో పండగకు చేసే ఇంకో వంట. పావు కిలో మైదా, పావు కిలో బియ్యప్పిండి, నూటయాభై గ్రాముల చక్కెర పొడి, రెండు గుడ్లు, కొబ్బరిపాలు. దోసెపిండి కన్నా పల్చగా ఉండాలి. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పైదాకా మునిగితే పిండి అచ్చును కప్పేసుకుని పువ్వు ఊడిరాదు. కొత్త అచ్చయితే ముందురోజు రాత్రి నూనెలో నానబెట్టాలి. మధ్యలో పిండి అంటుకుని రాకపోతే అచ్చు చల్లారిందని అర్థం, పిండిది తప్పు కాదు. చక్కెర ఎక్కువైతే పువ్వు కరకరలాడకముందే నల్లబడుతుంది.

కేకు బేకరీలో తెచ్చుకోవడమే మేలు. పండగ వారంలో గిరాకీ ఎక్కువ గనక 20వ తేదీలోపు చెప్పి ఉంచాలి.

ఇక సర్దడం. వేడి మీద డబ్బాలో పెడితే ఆవిరి మూతకు పట్టి కిందికి కారి అన్నీ మెత్తబడతాయి. వెదురు తట్టలో కాగితం మీద పూర్తిగా ఆరనిచ్చి, స్టీలు డబ్బాల్లో పెట్టుకోవాలి. నిప్పట్లను పడుకోబెట్టి దొంతరగా పెడితే బస్సు కుదుపుకు కింది వరస నుగ్గవుతుంది. నిలువుగా, ఒకదానికొకటి ఆనించి బిగువుగా పేర్చి, ఖాళీ మిగిలితే కాగితం కుక్కాలి. గులాబీ పువ్వులకు వేరే డబ్బా, ఒళ్ళో పెట్టుకుని తేవాల్సిందే. తీపీ కారం ఒక డబ్బాలో పెట్టొద్దు, కర్జికాయకు కరివేపాకు వాసన పడుతుంది. డబ్బాలు బస్సు డిక్కీలో వేయొద్దు, సీటు కింద పెట్టుకోవాలి. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు 2016లో రైలు మొదలయ్యాక జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె వాళ్ళకు కుదుపులేని దారి ఒకటి దొరికింది. నంద్యాల నుంచి కర్నూలు సుమారు 70 కిలోమీటర్లు, ఆ ముక్క బస్సులో పోవచ్చు. బియ్యం, ఎండుకొబ్బరి కర్నూల్లోనే దొరుకుతాయి. ఇంట్లో దంచిన కారం, రోట్లో నూరిన ధనియాల పొడి, ఊరి జొన్నలు పట్టించిన పిండి మాత్రం మరిచిపోకూడదు.

నక్షత్రాన్ని ఇప్పుడు అంగట్లో మడిచిన అట్టది కొంటున్నారు. ఊళ్ళో తాత చేసే వెదురు నక్షత్రం వేరు. దాన్ని విడి బద్దలుగా తీసుకుపోయి కర్నూల్లో మనవళ్ళతో కట్టించొచ్చు, పట్నం పిల్లలు ఎగబడి చేసే పని ఇది. మూడడుగుల బద్దలు పది కావాలి, కణుపులు మధ్యలోకి రాకుండా చీల్చుకోవాలి. కణుపు దగ్గర వంచితే విరుగుతుంది. ఐదు బద్దల్ని ఒకదాని మీదికి ఒకటి, కిందికి ఒకటిగా అల్లి కొసల్ని దారంతో కడితే ఐదు మూలల నక్షత్రం. ఇంకో ఐదింటితో ఇంకోటి. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఐదు కొసలూ కలిపి కట్టి, లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల ఏడంగుళాల పుల్లలు నిలబెడితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. ఆ ఏడంగుళాలు అందం కోసం కాదు. బల్బు చుట్టూ తగినంత ఖాళీ లేకపోతే కాగితం కమిలిపోతుంది. పాతకాలంలో అరవై వాట్ల బల్బులు పెట్టి ఒక్క రాత్రికే కాగితం గోధుమరంగుకు తెచ్చుకున్న ఇళ్ళున్నాయి, అంటుకున్నవీ ఉన్నాయి. ఇప్పుడు ఐదు వాట్ల ఎల్ఈడీ చాలు.

అతికించడానికి గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల మైదా కలిపి ఉడికించి, అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్ళు, పురుగు కాగితాన్ని తినకుండా. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. ఎట్లాగూ పదిరోజులకే కాబట్టి వట్టి మైదా జిగురు సరిపోతుంది. గాలిపటాల కాగితం బద్ద కన్నా అంగుళం ఎక్కువ కత్తిరించి, మడత లోపలికి తిప్పి అతికించాలి. ఒక మూల మాత్రం అతికించకుండా వదిలితే బల్బు మార్చుకోవడానికి చెయ్యి పడుతుంది. పల్లెలో వెదురు గడ మీద ఎత్తుగా కట్టేవాళ్ళు. ఫ్లాటు బాల్కనీలో పై కొస ఒక్కదానికే తాడు కడితే గాలికి గిరగిరా తిరిగి గ్రిల్లుకు కొట్టుకుని రెండో రోజుకే చిరుగుతుంది. పై కొసతోపాటు కింది రెండు కొసలకూ తాళ్ళు కట్టి బిగించాలి. డిసెంబరు మంచుకు వైరు అతుకుల్లో తడి చేరుతుంది, అతుకు టేపు చుట్టి ఇంటి లోపలి వైపే ఉంచుకోవాలి.

ఇరవైనాలుగు రాత్రి పాటల సంగతి. అప్పట్లో పెట్రోమాక్స్ లైటు ముందు నడిచేది, వెనక హార్మోనియం మెడకు కట్టుకున్న మనిషి, తబలా, కంజీరలు. ఆ లైటును మోసేవాడికి గుంపులో ఒక గౌరవం ఉండేది. స్పిరిటు పోసి వెలిగించి, గొట్టం వేడెక్కినాక పంపు కొట్టాలి. తొందరపడి ముందే కొడితే కిరసనాయిలు ఆవిరి కాకుండానే ఎగజిమ్మి మంట లేస్తుంది. ఒకసారి వెలిగిన మేంటిల్ వట్టి బూడిద గూడు, చెయ్యి తగిలినా ముక్కలవుతుంది. అందుకే రాళ్ళదారిలో ఆ మనిషి అడుగు తీసి అడుగు వేసేవాడు, గుంపంతా అతని నడకకే పాడేది. ప్రతి ఇంటి ముందూ ఒక కీర్తన, ఒక ప్రార్థన. టీ, బొరుగులు, బెల్లం. గుడి దగ్గరికి తిరిగొచ్చేసరికి తూరుపు తెల్లబడేది.

పట్నంలో తెల్లార్లూ పాడటం కుదరదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి నిబంధన ఉంది, గోడకు గోడ కలిసిన ఇళ్ళలో చంటిపిల్లలు, ముసలివాళ్ళు ఉంటారు. ఎనిమిదింటికి ఇంట్లోనే కుటుంబ ప్రార్థన పెట్టుకుని, మైకు లేకుండా కంజీరతో నాలుగు కీర్తనలు పాడుకుంటే పండగ పండగలాగే ఉంటుంది. కీర్తనలు ఎంచేపని తాతకు, అవ్వకు వదలాలి. పిల్లలకు ఫోన్లో కొత్త పాటలు వస్తాయిగానీ పాత రాగాలు పెద్దవాళ్ళ నోట్లోనే ఉన్నాయి. చరణాలు మొత్తం ఒకసారి కాగితం మీద రాయించి పెట్టుకుంటే మరుసటేడు ఆగకుండా పాడొచ్చు. గుడినుంచి కేరల్స్ వాళ్ళు ఏ రాత్రి వస్తారో కనుక్కుని, ముప్పైమందికి టీ, ఒక డబ్బా నిప్పట్లు పక్కన పెట్టి ఉంచాలి.

పడకలకు పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండు జంపఖానాలు, దుప్పట్లు చాలు, పిల్లలందరూ హాల్లో వరసగా. ముసలివాళ్ళకు మాత్రం బాత్రూముకు దగ్గరి మంచం ఇవ్వాలి.

కష్టమంతా వేడినీళ్ళతోనే. పల్లెలో పెరట్లో రాగి కాగు కింద కట్టె ఆరకుండా మండుతుండేది. ఒకరు రెండు బిందెలు తోడుకుంటే ఇంకొకరు రెండు బిందెలు పోసేవాళ్ళు. ఫ్లాటులో 15 లీటర్ల గీజరు, రెండు వేల వాట్లది, చన్నీళ్ళను బాగా కాచడానికి పద్దెనిమిది ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. అది ఒక మనిషి స్నానానికి సరి. పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో వరసగా పోతే నాలుగు గంటలు దాటుతుంది. తెల్లారి ఐదింటి ఆరాధనకు ఇది అయ్యే పని కాదు. కాబట్టి పిల్లలకు 24 సాయంత్రమే తలంటి పోసేయాలి. మగవాళ్ళు రాత్రి పడుకునే ముందు కానిచ్చుకోవాలి. తెల్లారి ఆడవాళ్ళు, ముసలివాళ్ళే. గ్యాసు మీద ఒక పెద్ద గిన్నె నీళ్ళు పెట్టుకుంటే గీజరు మీద భారం తగ్గుతుంది. బకెట్లో రాడ్డు పెడితే స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడబీకినాకే నీళ్ళు ముట్టుకోవాలి, ఈ మాట ఊరినుంచి వచ్చినవాళ్ళకు తప్పకుండా చెప్పాలి. గీజరు, రాడ్డు ఒకే లైను మీద వేస్తే ఫ్యూజు పోయి ఆ తెల్లారుజామున ఇల్లంతా చీకటవుతుంది. పైన ట్యాంకు రాత్రి పదింటికే నింపుకోవాలి. మనిషికి పాతిక లీటర్ల చొప్పున స్నానాలకే 350 లీటర్లు పోతాయి.

మధ్యాన్నం వంట. ఇరవైమందికి రెండు కిలోల బియ్యం, రెండున్నర కిలోల పొట్టేలు మాంసం. పండగ పొద్దున కటికి అంగడి ముందు గంట నిలబడాల్సి వస్తుంది, ముందురోజే చెప్పి ఉంచి ఒకరిని పంపాలి. అన్నిటినీ ఒక్క డేక్సాలో వండాలని చూడొద్దు. ఇంటి పొయ్యి మంట డేక్సా మధ్యకే తగులుతుంది, అడుగు మాడుతుంది, అంచుల్లో చియ్యలు (మాంసం ముక్కలు) ఉడకవు. రెండు కుక్కర్లలో సగం సగం ఉడికించి, తర్వాత పెద్ద గిన్నెలో కలుపుకోవాలి. రెండున్నర కిలోలకు ఎర్రగడ్డలు అర కిలో, అల్లం నూరు గ్రాములు, తెల్లగడ్డలు నూరు గ్రాములు, ధనియాలు 50, ఎండుకొబ్బరి నూరు, గసాలు 40. కొబ్బరీ గసాల ముద్ద మాంసం ఉడికినాకే వేయాలి. ముందే వేస్తే చిక్కబడి కుక్కరు అడుగున అంటుకుంటుంది, లోపల చియ్య పచ్చిగానే ఉంటుంది. మాంసానికి పసుపు, ఉప్పు, కారం, అల్లం తెల్లగడ్డ పట్టించి రాత్రే ఫ్రిజ్జులో పెట్టుకుంటే గుడినుంచి వచ్చినాక గంటన్నరలో వడ్డించొచ్చు.

ఈ వంట ఎవరి చేతి మీదుగా నడవాలన్నది ముందే అనుకోవాలి. అది పిల్లల ఇల్లు, పొయ్యి కూతురిదో కోడలిదో. తల్లి నూరి ఇవ్వాలి, ఉప్పు చూడాలి, అడిగితే చెప్పాలి. "అమ్మా, నువ్వు గసాలు నూరి ఇయ్యి, పొయ్యి నేను చూసుకుంటా" అని కూతురు అన్నప్పుడు పక్కకు జరగడం తల్లికి కష్టమే. కోడలు ఆ మాట అనలేదు గనక అత్తే ముందుగా అనాలి, "నువ్వు చెయ్‌మ్మా, నేను అందిస్తా" అని. ఇదొక్కటి కుదిరిన ఇంట్లో మరుసటేడు కూడా పండగకు పిలుపు కోడలి నోటినుంచే వస్తుంది. వియ్యాలవారిని కూడా లెక్కలో ఉంచుకోవాలి. ఒక ఏడు 25 ఒకరితో, జనవరి 1 ఇంకొకరితో, మరుసటేడు తిరగేసి. తేదీలు నవంబరులోనే చెప్పుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు.

సాయంత్రం మిగిలిన చియ్యల పులుసుకు జొన్నరొట్టె. పిండిలో సలసల మరిగే నీళ్ళు పోసి కలిపితేనే రొట్టె విరగదు. జొన్నల్లో గోధుమలకుండే జిగురు లేదు, ఆ వేడినీళ్ళే పిండిని పట్టి ఉంచుతాయి. ఈ పని మాత్రం అవ్వదే. పట్నం కోడళ్ళు నేర్చుకోవాలంటే ఆ పూటే పక్కన కూర్చుని చెయ్యి తడుపుకుంటూ తట్టడం చూడాలి.

పక్కిళ్ళకు పంచడం మధ్యాన్నం భోజనాలకు ముందే అయిపోవాలి. ఊళ్ళో తట్టలో పెట్టి గుడ్డ కప్పి పంపేవాళ్ళు. కర్నూల్లో ఒక వరసలో హిందువులు, తురకవాళ్ళు, కిరస్తానీలు కలిసే ఉంటారు, ఆ వాడకం అక్కడా ఉంది. కేకులో, గులాబీ పువ్వుల్లో గుడ్డు ఉంటుంది, తిననివాళ్ళకు కర్జికాయలు, నిప్పట్లు, అరటిపళ్ళు వేరే పొట్లం కట్టాలి, ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి. ఇంటికి ఐదు కర్జికాయలు, ఆరు నిప్పట్లు లెక్కన పన్నెండు ఇళ్ళకు అరవై, డెబ్భై రెండు. పైన చెప్పిన కిలో మైదా కొలత పంచడానికే సరిపోతుంది, ఇంట్లోవాళ్ళకు ఇంకో కిలో కలుపుకోవాలి. మనవళ్ళ చేత ఇప్పించాలి, తాత తోడు పోవాలి. ఏ ఇంట్లో ఎవరుంటారో ఆయనకూ తెలుస్తుంది, మరుసటిసారి వచ్చినప్పుడు పలకరించడానికి మనుషులుంటారు.

తిరుగు ప్రయాణం 27కో 28కో పెట్టుకోవాలి. పెద్దవాళ్ళు ఇంకా ఉండిపోతే బాగుండునని పిల్లలు అంటారు, కానీ 31 రాత్రి ఊరి గుడిలో పాత సంవత్సరం ఆరాధన ఉంటుంది. సంఘంలో లెక్కలు చదివేది, వాక్యం చదివేది, ఆ రాత్రి గంట కొట్టేది చాలాచోట్ల ఈ పెద్దవాళ్ళే. బస్సులు 29 నుంచే కిక్కిరిసిపోతాయి. టిక్కెట్టు వచ్చేటప్పుడే తీసుకుని, ఖాళీ డబ్బాలు కడిగి బాగా ఆరబెట్టి, నక్షత్రం కాగితాన్ని ఊడబీకి బద్దల్ని దారంతో కట్టి అటకమీద పెట్టించి బయల్దేరాలి. బద్దలు ఎండ తగలకుండా ఉంటే నాలుగైదేళ్ళు పనికొస్తాయి, ఏటేటా కాగితం ఒక్కటే మార్చుకోవచ్చు.